పిల్లనగ్రోవి కొనబోతే...

మా ఇంట్లో అటక మీద ఒక పిల్లనగ్రోవి ఉండేది. 1994 దసరాలకి కొన్నది. ఖరీదు ఎనిమిది రూపాయలు. ముప్ఫై ఏళ్ళకి పైగా బ్యాంకులో క్యాషు కౌంటరు వెనక కూర్చుని ఊరందరి డబ్బూ లెక్కపెట్టినవాణ్ణి. నా చేతిమీదుగా నా ఇంటికి జరిగిన ఖర్చులన్నిటిలోకీ బాగా నష్టం తెచ్చింది ఏదయ్యా అంటే, ఈ ఎనిమిది రూపాయలే. ఎలాగో చెబుతాను. మీ ఇంట్లో పిల్లలెవరైనా వేణువు కావాలని పేచీ పెడుతున్నట్టయితే కాస్త ఓపిక పట్టి వినండి.

దసరాల్లో విజయవాడ రద్దీ చెప్పనక్కర లేదు. అమ్మవారి దర్శనం చేసుకుని కొండ దిగి వస్తున్నాం. మా అబ్బాయికి అప్పుడు తొమ్మిదేళ్ళు. దారిలో ఒకతను పెద్ద గెడకి ముళ్ళపంది ముళ్ళలాగా మురళులు గుచ్చుకుని, ఒకటి తన పెదవుల దగ్గర పెట్టుకుని సినిమా పాట వాయిస్తున్నాడు. అంత రద్దీలోనూ జనం ఆగి వింటున్నారు. మా వాడు అక్కణ్ణుంచి కదిలితే ఒట్టు. అతను పది రూపాయలు చెబితే ఎనిమిదికి బేరమాడాను. ఆ రెండు రూపాయలూ మిగిల్చినందుకు ఇంటికి చేరేదాకా మా ఆవిడ దగ్గర గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఇంటికొచ్చి ఊదితే తుస్సు! అతను వాయించినది ఒకటి, మనకి తీసి ఇచ్చినది ఇంకొకటి. అదీగాక, మురళి అమ్మాడు గాని తన ఊపిరి అమ్మలేదు కదా!

మా వాడు మాత్రం వదల్లేదు. పది రోజులు బుగ్గలు నొప్పెట్టేలా ఊది, మొత్తానికి నాదం పలికించాడు. సరదా పడుతున్నాడు కదా అని పేటలో గాత్రం చెప్పే ఒకాయన దగ్గర చేర్పించాం. వేణువు కూడా చెబుతానన్నారు. "మంచిది ఇంకొకటి కొనమంటారా?" అని అడిగాను. "ముందు దీంతో కానివ్వండి. పట్టుబడితే అప్పుడు చూద్దాం" అన్నారు. నాకూ సబబుగానే తోచింది. మీకూ సబబుగానే తోస్తోంది గదూ? అక్కడే ఉంది తిరకాసంతా.

ఏడు నెలలు వెళ్ళాడు. సరళీ స్వరాలు దాటలేదు. గాంధారం దగ్గరికి వచ్చేసరికి ఆయన తొడ మీద చరిచి "తప్పు, మళ్ళీ" అనేవారు. మళ్ళీ అదే. చివరికి ఒకనాడు నన్ను పిలిచి, "అబ్బాయికి స్వరజ్ఞానం బొత్తిగా తక్కువండీ. ఆ శ్రద్ధేదో చదువు మీద పెట్టించండి" అన్నారు. పెట్టించాం. వాడు చదువుకున్నాడు, ఉద్యోగం చేస్తున్నాడు, పెళ్ళయింది, ఒక కూతురు. ఇంట్లో ఎవరు కూనిరాగం తీసినా వాడు మాత్రం నోరు విప్పడు. "నాకు సంగీతం రాదులెండి" అంటాడు. మురళి అటకెక్కింది.

2024 వేసవిలో, ఆవకాయ జాడీల కోసం అటక సర్దుతుంటే అది మా మనవరాలి కంటబడింది. దానికి పదేళ్ళు. తండ్రి పోలికే. పది రోజులు కూడా పట్టలేదు, నాలుగో నాటికే పలికించింది. "తాతయ్యా, నేర్పించవూ?" అని వెంటబడింది. ఈసారి వేణువే వృత్తిగా ఉన్న మాస్టారొకరిని వాకబు చేసి తీసుకెళ్ళాను. ఆయన మా మురళి తీసుకుని, తుడిచి, కళ్ళు మూసుకుని ఊదారు. సరిగమపదనిస, చక్కగా వినబడింది. నేను సంతోషించాను.

"ఇందులో గాంధారం లేదండీ" అన్నారాయన.

"అదేమిటి, ఇప్పుడు వాయించారు గదా?"

"వాయించింది నేను. ఇది కాదు. రంధ్రం ఉండవలసిన చోటు కన్నా పైకి పడింది. నేను వేణువుని పెదవి మీద కాస్త లోపలికి తిప్పి, ఊపిరి తగ్గించి, దాన్ని క్రిందికి దించుకున్నాను. నలభై ఏళ్ళుగా వాయిస్తున్నవాణ్ణి కనక నాకు తెలియకుండానే పెదవి తిరుగుతుంది. పిల్ల ఎలా తిప్పుతుంది? ఎంత జాగ్రత్తగా ఊదితే అంత స్పష్టంగా తప్పే వస్తుంది."

నా గుండె గతుక్కుమంది. ఏడు నెలల "తప్పు, మళ్ళీ" చెవుల్లో గింగుర్లెత్తింది.

సాయంత్రం మా అబ్బాయి ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే సంగతి చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "నేనప్పుడే చెప్పాను గదా నాన్నా, ఇందులోనే ఏదో తేడా ఉందని" అన్నాడు.

"చెప్పావా?"

"చెప్పాను. మీరు, ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే, అని నవ్వారు."

నాకు గుర్తు లేదు. వాడికి ముప్ఫై ఏళ్ళయినా గుర్తుంది. మద్దెల నిజంగానే ఓటిదని, ఆ సామెత చెప్పే ముందు ఒకసారి తట్టి చూడాలని నాకెందుకు తోచలేదో!

మనం ఇళ్ళల్లో సామాన్యంగా అనుకునేది ఏమిటి? నేర్చుకునేవాళ్ళకి చవకది చాలు, వచ్చాక మంచిది కొనచ్చు, అని. మాస్టారు చెప్పింది దీనికి సరిగ్గా తలక్రిందులు. విద్వాంసుడి చేతికి ఎలాంటి గొట్టం ఇచ్చినా సర్దుకుని వాయించేస్తాడు. సర్దుకోలేనిది పసివాడే. అంచేత స్వరం సరిగ్గా ఉన్న వేణువు అవసరం ముందు పసివాడికి. దాని మీద నెమలి పింఛం రంగులు, పట్టు కుచ్చులు అక్కర లేదు. రంధ్రాలు ఉండవలసిన చోట ఉండాలి, అంతే.

"అయితే ఎంతలో వస్తుందండీ?" అన్నాను, క్యాషియరు బుద్ధి పోనిచ్చుకోక.

"ఎంతలో అన్నది తరవాత. ముందు ఏ శ్రుతిది అన్నది చూడాలి" అన్నారాయన.

ఇది నాకు బొత్తిగా తెలియని సంగతి. ఫిడేలైతే బిరడాలు తిప్పి శ్రుతి పెంచవచ్చు, తగ్గించవచ్చు. వీణా అంతే. వెదురు గొట్టానికి తిప్పడానికేముంది? పుట్టినప్పుడు ఏ శ్రుతో జీవితాంతం అదే శ్రుతి. అందుకే వేణువు వాయించేవారి సంచిలో ఒకటి కాదు, కట్ట ఉంటుంది. హార్మోనియం మీద మెట్లు లెక్కపెట్టినట్టు ఒకటి, ఒకటిన్నర, రెండు అని వాటికి అంకెలు. అంకె పెరిగినకొద్దీ గొట్టం పొట్టి, నాదం సన్నం. అంకె తగ్గినకొద్దీ గొట్టం పొడుగు, రంధ్రాల మధ్య ఎడమూ ఎక్కువే.

ఎదిగే పిల్ల అని గౌను రెండంగుళాలు పెద్దది కుట్టిస్తాం. చెప్పులు ఒక సైజు పెద్దవి కొంటాం. ఈ తెలివి వేణువు దగ్గర పనికి రాదు. వేళ్ళు సాగదీసుకుని మూస్తే ఏదో ఒక రంధ్రం ప్రక్క నుంచి గాలి కారిపోతుంది. స్వరం చెడుతుంది, చెయ్యి నొప్పి పెడుతుంది, నాలుగు నాళ్ళకి పిల్ల విసుగెత్తి మానేస్తుంది. మా చిన్నదాని వేళ్ళు పరీక్షించి, "అయిదున్నర శ్రుతిది తీసుకుందాం. మూడు నాలుగేళ్ళ తరవాత చెయ్యి ఎదిగితే అప్పుడింకొకటి" అన్నారు మాస్టారు. అయిదున్నర శ్రుతిదంటే అడుగు పైచిలుకు పొడవుండేది.

ఇంకొక సంగతి. మా అటక మీది మురళికి ఊదే రంధ్రం కాక ఆరే రంధ్రాలు. అది దాని తప్పు కాదు. ఉత్తరాది బన్సరీకి సామాన్యంగా ఆరే ఉంటాయి. మన కర్ణాటక వేణువుకి ఎనిమిది. ఎడమచేతి మూడు వేళ్ళూ, కుడిచేతి నాలుగు వేళ్ళూ ఏడింటి మీద ఆడతాయి. ఎనిమిదో దాన్ని ఎవరూ మూయరు. అంచేత పిల్ల నేర్చుకునేది ఏ పద్ధతో తెలుసుకోకుండా దుకాణానికి వెళితే, మంచి వేణువే కొనుక్కుని కూడా ఇంటికి ఉత్త చేతులతో వచ్చినట్టే.

సరే, ఒక ఆదివారం గవర్నరుపేటలో ఒక వాద్యాల దుకాణానికి ముగ్గురం వెళ్ళాం. అద్దాల బీరువాలో వేణువులు బారులు తీరి ఉన్నాయి. నాలుగువందల యాభై నుంచి ఉన్నాయి. వార్నిషు పూసి తళతళలాడుతున్న దాని మీద నా కన్ను పడింది. కుర్రాడు దాన్ని తీసి గబగబా ఒక సినిమా పాట వాయించి, ఫోనులో శ్రుతి చూపించే మీట కూడా పెట్టి, "చూడండి సార్, ముల్లు కదలడం లేదు" అన్నాడు.

మాస్టారు నవ్వారు. "బాగుంది బాబూ. ఇప్పుడు మా అమ్మాయి ఊదుతుంది, ముల్లు చూడు" అన్నారు.

చిన్నది ఊదింది. ముల్లు ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క వైపు వాలింది. కుర్రాడి మీద తప్పేమీ లేదు. గట్టిగా ఊదితే స్వరం హెచ్చుతుంది, మెల్లగా ఊదితే తగ్గుతుంది. వాడి ఊపిరి ముల్లుని చూస్తూ సర్దుకుంటోంది, అంతే. కొండ క్రింద గెడ మనిషి చేసిందీ ఇదే కాబోలు. అంచేత కొనేటప్పుడు అమ్మేవాడు వాయిస్తే వినడం దండగ. నేర్చుకునే పిల్ల ఊదాలి, తెలిసినవాళ్ళు వినాలి.

తరవాత మాస్టారు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసిన తీరు, పెళ్ళిచూపుల్లో మా పెద్దమ్మ చూసినట్టే ఉంది. ముందు దీపం వైపు పెట్టి గొట్టం లోపలికి చూశారు. లోపల నున్నగా ఉందా, పగులు సన్నటి వెలుతురు గీతలా కనబడుతోందా అని. అరచేతిలో తట్టారు. పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు ఉన్నట్టే, అది వెదురుని పిండి చేసేదాకా ఊరుకోదు. ఆపైన చిన్నదాని చేత చివరి కొన అరచేత్తో మూయించి, తను రంధ్రాలన్నీ రెండు చేతుల వేళ్ళతోనూ మూసి, ఊదే రంధ్రం దగ్గర నోరు పెట్టి గాలి లోపలికి పీల్చారు. ఎక్కడా లీకు లేకపోతే గాలి బిగబట్టి ఆగుతుంది. కంటికి కనబడని పగులు కూడా ఇక్కడ దొరికిపోతుంది. నాకు సైకిలు ట్యూబు నీళ్ళలో ముంచి చూడడం గుర్తొచ్చింది.

ఇవన్నీ అయ్యాకనే ఊదడం. ఫోనులో తంబురా పెట్టుకుని షడ్జం, పంచమం, పై షడ్జం. క్రింది షడ్జమూ పై షడ్జమూ ఒకదానితో ఒకటి కలవకపోతే అది మరి పనికి రాదట. ఊదే రంధ్రానికీ గొట్టం మూసి ఉన్న కొనకీ మధ్య ఉండవలసిన దూరం, సుమారు గొట్టం లోపలి వెడల్పంత, సరిగ్గా లేకపోతే ఈ జబ్బు వస్తుందట. ఫోనులో మీట ఈ రెంటికీ మంచి సాక్షి. మిగతా స్వరాలకి మాత్రం దాని మాట వేదవాక్కు కాదు. మన గాంధారం దాని లెక్కకి కాస్త తగ్గి ఉంటే అది తప్పనకూడదు.

చూస్తే రెండు వేలు పెట్టిన దానికంటె పద్దెనిమిది వందలది మేలుగా ఉంది. తళతళలాడినది మొదటి పరీక్షలోనే పోయింది. చివరికి ఒకటి బాగానే ఉందన్నారు, రెండువేల ఆరువందలు చెప్పారు. దానిలోనూ ఒక రంధ్రం కాస్త పెద్దదైందట. "నాలుగు రోజులాగుదాం. దొరక్కపోతే ఇదే తీసుకుందాం" అన్నారు మాస్టారు. పిల్ల మొహం చిన్నబోయింది.

ఇంత తేడా ఎందుకొస్తుందని తిరుగుదారిలో అడిగాను. పాశ్చాత్యుల వేణువు లోహంతో చేస్తారు, దానికి మీటలూ మూతలూ ఉంటాయి. జర్మనీలో థియోబాల్డ్ బోమ్ అనే ఆయన 1847లో దానికి ఇప్పుడున్న రూపం ఇచ్చాడు. లెక్కగట్టి రంధ్రాలు పెట్టి, వాటిని మీటలతో మూసే ఏర్పాటు చేశాడు. ఒక కొలతకి వంద చేస్తే వందా ఒకటే. వెదురు అలా కాదు. ఏ రెండు వెదుళ్ళూ ఒక్క మందం ఉండవు, లోపలి వెడల్పు ఒక్కలా ఉండదు. కణుపుల మధ్య పొడుగ్గా, సమంగా ఉన్న వెదురే దీనికి పనికొస్తుంది. ఉత్తరప్రదేశ్‌లో పీలీభీత్ అనే ఊరు బన్సరీలకి పేరు మోసింది. అక్కడివాళ్ళు వెదురు కోసం ఎక్కడో దూరాన ఉన్న అస్సాం మీద ఆధారపడతారు. పచ్చి వెదురు పనికి రాదు. ఎండి, ముడుచుకోవలసినంత ముడుచుకున్నాక రంధ్రాలు పెడితేనే స్వరం నిలుస్తుంది. ఎర్రగా కాలిన ఇనుప చువ్వతో ముందు చిన్న రంధ్రం పెట్టి, ఊది చూసి, రవ్వంత పెంచి, మళ్ళీ ఊది చూసి... రంధ్రం పెరిగినకొద్దీ స్వరం హెచ్చుతుంది. వెంట్రుకవాసి ఎక్కువ పెరిగితే వెనక్కి తేలేం. మనం ఇచ్చే డబ్బు వెదురుకి కాదు, ఆ ఊది చూసే చెవికి.

అంతటి మొండి గొట్టం మీద మనవాళ్ళు చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. కృష్ణుడి చేతిలో ఎప్పటినుంచి ఉన్నా, మన కచేరీ వేదిక మీద వేణువుకి పెద్దపీట వేయించినది కుంభకోణం శరభశాస్త్రిగారు. చిన్నతనంలోనే చూపు పోయిన మనిషి. 1872లో పుట్టి 1904లోనే పోయారు. ఆయన శిష్యులు పల్లడం సంజీవరావుగారు. ఆ తరవాత టి.ఆర్. మహాలింగంగారు, అదే, మనమందరం మాలి అని చెప్పుకునే ఆయన (1926-1986), గాత్రంలో ఉన్న గమకమంతా వెదురులో పలికించారు. నా చిన్నప్పుడు రేడియోలో ఆయన కచేరీ వస్తే మా నాన్నగారు వీధి తలుపు గడియ పెట్టించేవారు. అప్పుడు మాలిగారి వేణువు ఖరీదెంత అని మాకెవరికీ తోచలేదు.

వారం తిరక్కుండా మాస్టారు ఫోను చేశారు. తెనాలిలో ఒక పెద్దాయన, ఆయన కూడా వేణువు చెప్పినవారే, రెండేళ్ళ క్రితం కాలం చేశారు. ఆయన వేణువులన్నీ ఇంట్లోనే ఉన్నాయి, ఇచ్చేద్దామనుకుంటున్నారట. "పాతవి కదా?" అన్నాను సందేహంగా. "వెదురుకి పాతదవడం దోషం కాదండీ. ఎండవలసింది ఎండిపోయి ఉంటుంది, ఇక మారదు. అయితే పగుళ్ళు చూసుకోవాలి. రోహిణీ కార్తెలో రోళ్ళే పగులుతాయంటారు, వెదురెంత!" అన్నారు.

ఆ ఇల్లాలికి ఎనభై ఏళ్ళుంటాయి. మంచం మీద పాత పంచెలో చుట్టిన కట్ట విప్పింది. పదకొండు. "చూడండి నాయనా, ఆయన పోయాక ఎవరూ ముట్టుకోలేదు. పాత సామాన్లు కొనేవాడు మొత్తం కట్టకి వెయ్యి ఇస్తానన్నాడు. మనసొప్పలేదు" అంది.

మాస్టారు గంటసేపు చూశారు. రెండింట్లో పురుగు పొడి రాలింది. నాలుగు పగిలాయి. అయిదు భేషుగ్గా ఉన్నాయి. ఒకదాని రంధ్రం అంచున లోపలి వైపు మైనం ముద్ద పెట్టి ఉంది. పాత వేణువులో మైనం కనబడితే అనుమానించవలసిందేనా అని అడిగాను. రంధ్రం చిన్నదైతే స్వరం దిగుతుంది కదా, హెచ్చిన స్వరాన్ని దించడానికి అలా పెడతారట. మాస్టారు ఊది చూసి, ఆ మైనం మీద వేలు పెట్టి, "ఆయన చెవి ఇదిగో, ఇక్కడుంది" అన్నారు. ముసలావిడ పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయిదింట్లో ఒకటి అయిదున్నర శ్రుతిది. పిల్లలకి చెప్పేటప్పుడు ఆయన వాయించేదట. మా చిన్నది ఊదింది. షడ్జం, పంచమం, పై షడ్జం. నాకు సంగీతం తెలియదు గాని ఆ గాంధారం మాత్రం నేనూ పోల్చుకున్నాను.

"ఎంత ఇమ్మంటారమ్మా?" అన్నాను.

"నాకేం తెలుసు నాయనా. ఒక మూడు వందలివ్వండి."

మీతో నిజం చెప్పడానికేం, ఆ క్షణాన నా మనసు గంతు వేసింది. పర్సు తీసి అయిదువందల నోటు బయటికి లాగాను. అడిగిన దానికన్నా ఎక్కువే ఇస్తున్నాను కదా అని ఉదారంగా కూడా ఉంది. మాస్టారు గొంతు సవరించుకుని కిటికీలోకి చూశారు. ఈలోగా మా మనవరాలు, "తాతయ్యా, దుకాణంలో దీనంత బాగా లేనిదానికే రెండువేల ఆరువందలు చెప్పారుగా?" అంది, ఇల్లంతా వినబడేలా.

ముప్ఫై ఏళ్ళు కౌంటరులో ఒక్క రూపాయి తేడా రాకుండా లెక్క అప్పజెప్పినవాడికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నోటు లోపల పెట్టి, "ఔనమ్మా, అదే ధర ఇస్తాను" అన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "పాతదానికి కొత్తదాని ధర ఏమిటి, పాపం తగులుతుంది" అంది. నేను ఎక్కువిస్తాననడం, ఆవిడ తక్కువ చాలనడం! జన్మలో అలాంటి బేరం ఆడలేదు. మాస్టారు మధ్యవర్తిగా రెండు వేలని తేల్చారు. మిగిలిన నాలుగూ తను తీసుకెళ్ళి, తగిన శిష్యులు దొరికినప్పుడల్లా ఒక్కొక్కటే ఇప్పించి, డబ్బు ఆవిడకి పంపే ఏర్పాటు చేశారు. పగిలిన వాటిలో దారం చుట్టి ఉన్న ఒకదాన్ని ఆవిడ ఎవరికీ ఇవ్వలేదు. "అది ఆయన పొద్దున్నే వాయించేది" అని పంచెలో మళ్ళీ చుట్టి పెట్టుకుంది.

ఇంటికి తెచ్చాక ఊదే రంధ్రం స్పిరిటులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, లోపల పలచగా నూనె రాయమన్నారు. ఎండలో గాని, ఏసీ గాలికి ఎదురుగా గాని పెట్టకూడదు. వాయించాక లోపలి తేమ సన్నటి గుడ్డతో తీసెయ్యాలి. వాయించేటప్పుడు ముందు రెండు నిమిషాలు ఊపిరితో గొట్టాన్ని వెచ్చబరచాలి. చల్లగా ఉంటే శ్రుతి తగ్గి, వెచ్చబడితే హెచ్చుతుంది. మా ఆవిడ, "మా పెళ్ళికి పెట్టిన వీణకి కూడా ఇంత మర్యాద జరగలేదు" అంది.

అందరికీ తెనాలి దొరకదు, నిజమే. అలాంటప్పుడు ఏమిటి దారి అని అడిగితే మాస్టారు ఒక మాట చెప్పారు. స్వరం తప్పిన వెదురు కన్నా, స్వరం సరిపోయిన ప్లాస్టిక్ గొట్టం వేణువు నయమట. పగలదు, పురుగు పట్టదు, ధరా తక్కువే. నాదంలో వెదురు తీపి ఉండదు గాని, పిల్ల చెవి చెడదు. ఫోనులో బొమ్మ చూసి తెప్పించుకునేవాళ్ళు మాత్రం వెనక్కి తీసుకుంటారో లేదో ముందే అడిగి, వచ్చిన రోజే తెలిసినవాళ్ళ చేత చూపించుకోవాలి.

మొన్న మాస్టారు మా ఇంటికి వచ్చారు. తెనాలి వేణువుల్లో రెండు అమ్ముడైపోయాయి, డబ్బు పంపారు. ఇంకా రెండున్నాయి. ఒకటి రెండున్నర శ్రుతిది, పొడుగ్గా ఉంటుంది, పెద్దవాళ్ళ వేళ్ళకే అందుతుంది. దాన్ని సంచిలోంచి తీసి, కుర్చీలో పేపరు చదువుకుంటున్న మా అబ్బాయి చేతిలో పెట్టి, "ఒకసారి ఊదండి" అన్నారు.

"నాకు సంగీతం రాదండీ" అన్నాడు వాడు, అలవాటుగా. కాని వేణువు వెనక్కి ఇవ్వలేదు. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, పెదవి దగ్గర పెట్టుకుని ఊదాడు. తుస్సుమంది. మా చిన్నది పకపకా నవ్వింది. వాడూ నవ్వి, మళ్ళీ ఊదాడు, మళ్ళీ ఊదాడు. అయిదారుసార్ల తరవాత ఒక్క స్వరం, కాస్త వణుకుతూ, నిలబడింది.

"దీని ఖరీదెంతండీ?" అన్నాడు మాస్టారితో.

నేను లేచి, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టానో వెతుక్కోవడం మొదలుపెట్టాను.